దాపట గుండె, వలపట నడుము

ఎద్దులను విప్పేశాక బండి కాడిని నేలకు ఆనించి, వెనక భాగాన్ని పైకెత్తుకుని నిలబడుతుంది. ఆ ఎత్తువైపు తలపెట్టి వట్టి పలకల మీద పడుకున్న అప్పలసూరి, తెల్లవారగానే లేచే పని మొదలుపెట్టాడు. అతనికి లేవడం కూడా ఒక పనే. ముందు పక్కకు దొర్లాలి. మోచేతి మీద బరువు వేసి, నడుముకు తెలియకుండా కూర్చోవాలి. ఈలోగా గుండె పరుగందుకుంటుంది. అది అలిసి నడకకు వచ్చేదాకా బండి కర్ర పట్టుకుని ఊరుకోవాలి. ఆ తరవాతే నేలమీద కాలు.

ఈ పడక అతను సొంతంగా కనిపెట్టుకున్నది. మిషను ఆసుపత్రి డాక్టరమ్మ గుండె పరీక్షించి, వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందదు, వీపు ఎత్తులో పెట్టుకోమంది. నడుము చూసిన కట్టువైద్యుడు దిండ్లన్నీ తీసేసి బల్లమీద తిన్నగా పడుకోమన్నాడు. దిండ్లు పెడితే నడుము ఒప్పుకోలేదు. బల్ల ఎక్కితే గుండె ఒప్పుకోలేదు. కానీ అప్పలసూరి పశువుల సంతల్లో మధ్యవర్తిగా బతికినవాడు. ఇద్దరూ మొండికేసిన చోటే తన పని మొదలవుతుందని తెలిసినవాడు. ఒకనాడు విప్పిన బండి ఎక్కి చూశాడు. పలక తిన్నగా ఉంది, తల ఎత్తుగా ఉంది. బేరం కుదిరింది.

భార్య దాలమ్మ చోడి అంబలి తెచ్చింది. ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"ఉప్పు లేకుండా ఇదేటే? గోడకి పూసుకోడానికా?"

"డాక్టరమ్మ వొద్దంది కదా. ఈయాల సంతకెల్లకు మావా. మా తమ్ముడు జగన్నాధం ఉన్నాడు, ఆడు సూసుకుంటాడు."

"సూసుకుంటాడు! లక్ష్మణమ్మ ఎద్దుల జోడుని ఇడదీసి మరీ సూసుకుంటాడు. ఇడదియ్యనని నాను దానికి మాటిచ్చీసినాను."

"పేనం మీదకొస్తాది."

"ఇంటికాడుంటే రాదేటి? నాదీ జోడెద్దుల సేద్దెమే దాలీ. దాపటెద్దు గుండి, వలపటెద్దు నడుము. ఒకటి కూకో అంటాది, ఇంకోటి తొంగో అంటాది. రెండింటికీ కాడేసి తోలుకోవాల, అంతే."

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో, తొలకరికి ముందు బొబ్బిలి పక్కన జరిగిన సంత అది. దుక్కులు దగ్గరపడి జనం పోటెత్తారు. మొగుడు పోయి భూమి కౌలుకిచ్చేసిన లక్ష్మణమ్మ, తాను పెంచిన జోడుని పట్టుకుని ఒక పక్కగా నిలబడింది. వలపటెద్దుకు వంక పెట్టేవాడు లేడు. ఎడమవైపు కట్టే దాపటెద్దుకు మాత్రం ఎడమకంట్లో పొర. ఆ కన్ను బయటి వైపుది. కుడికంటితో పక్కనున్న జతను చూసుకుంటూ అది ధీమాగా నడుస్తుంది. జత తప్పిస్తే అడుగు వెయ్యదు. అప్పుడు దాన్ని కొనేది, సంత చివర కాసుకుని కూర్చున్న కబేళావాళ్ళే.

జగన్నాధం పాలకొండ రైతు తరఫున వచ్చాడు. బావ దగ్గరే పని నేర్చి, ఇప్పుడు బావకే పోటీగా నిలబడే మనిషి.

"ఒంటికన్నుదాన్ని ఎవుడు కొంటాడు బావా? వలపటదాన్ని ఒక్కదాన్నీ తెమిల్చీ."

"ఇన్ని జబ్బులోణ్ణి మీ అక్క ఇంట్లో ఉంచుకోలేదేట్రా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అప్పలసూరి నవ్వలేదు.

"కన్ను పోయిన మాట నాను దాస్తానేటి? కళ్ళున్నోడివి నువ్వు నడక సూడు. లచ్చునమ్మా, ఈటిని నా బండికి కట్టు. ఆ వాగు గట్టు ఎక్కించు."

బండి మీదే ఉన్న అప్పలసూరి దిగమన్నా దిగలేదు. బరువు లేని బండి లాగితే ఏం రుజువవుతుంది? కర్రలు పట్టుకుని నిలబడ్డాడు. లక్ష్మణమ్మ ముందు నడిచి ఒక్క కేక వేసింది. ఇసుకలో దిగబడిన చక్రాలను జోడు ఒకే ఊపున లాగింది. ప్రతి కుదుపుకూ నడుములో నిప్పు రగిలింది. గుండె గొంతులోకి వచ్చి కూర్చుంది. అప్పలసూరి మొహంలో మాత్రం ఏదీ కనబడలేదు. మొహం దాచలేనివాడు ఈ వ్యాపారానికి పనికిరాడు. గట్టు మీదికి చేరేసరికి రెండు ఎద్దుల మెడలూ ఒక్క ఎత్తులో ఉన్నాయి. పాలకొండ రైతు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఇప్పుడు చెయ్యి తే," అని జగన్నాధంతో అంటూ అప్పలసూరి భుజం మీది తువ్వాలు తీశాడు.

సంతలో ధర నోటితో చెప్పరు. తువ్వాలు కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని చెప్పుకుంటారు. వేళ్ళకంటే మణికట్టు ముఖ్యమని జగన్నాధానికి నేర్పింది అప్పలసూరే. ఎదుటివాడు లొంగిపోయే ధరకు రాగానే నాడి ఎగురుతుంది. అక్కడ నొక్కాలి.

జగన్నాధం వేళ్ళు మెల్లగా మణికట్టు మీదికి పాకాయి. నాడి పరుగెత్తింది. ఆగింది. గెంతింది. మళ్ళీ ఆగింది. ధర తగ్గించి చూశాడు, అదే తీరు. పెంచి చూశాడు, అదే తీరు. బావ మొహంలోకి చూశాడు. అది చల్లగా ఉంది. చివరికి చెమట తుడుచుకుని, బావ పట్టిన వేళ్ళకే ఒప్పుకున్నాడు. జోడుకు జోడు ధర!

"నీ నాడి నాకు అందలేదు బావా!"

"నాకే అందదురా. నీకేటి అందుతాది?"

సంత సంతంతా గొల్లున నవ్వింది. ఇన్నాళ్ళూ ఇంట్లో కూర్చుని తిన్న జబ్బు, ఆ పూట కూలి సంపాదించింది.

లక్ష్మణమ్మ దాపటెద్దు పొర కమ్మిన కంటిని చీరచెంగుతో తుడిచింది. అప్పలసూరి వైపు తిరిగి చేతులెత్తి మొక్కింది. జోడు భుజం భుజం రాసుకుంటూ పాలకొండ దారి పట్టింది. విప్పిన బండి మళ్ళీ కాడి నేలకానించింది. అప్పలసూరి తువ్వాలు బండి కర్రమీద వేసి, ఎత్తువైపు తలపెట్టి ఒరిగాడు.

"టీ తేరా జగ్గూ. ఓడిపోయినోడే ఇప్పించాల. నా జోడు రెండూ అలిసిపోయినాయి."

జగన్నాధం రెండు గ్లాసులతో తిరిగొచ్చాడు. "బావా, టీ." బావ మొహంలో గెలుపు అలాగే ఉంది. మరోసారి పిలిచి, గ్లాసులు కింద పెట్టి బావ మణికట్టు పట్టుకున్నాడు. ఈసారి నాడి చదవడంలో అతను పొరబడలేదు.

బండి కర్రమీద తువ్వాలు గాలికి కదులుతోంది. దానికి అంటిన ఇద్దరి చేతుల చెమటా ఇంకా ఆరలేదు.