వెన్న రాసిన మాత్ర

మామగారు తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. తక్కెడలో రవ్వంత తేడా కనిపిస్తే చాలు, కొట్టువాణ్ణి ఉతికి ఆరేసేవారు. అంతటి మహానుభావుడికి సొంత ఇంట్లో కుక్క పీపాలా ఊరిపోతుంటే మాత్రం కళ్లకి ఆనలేదు! పైగా దాన్ని ‘దొరగారు’ అని పిలుచుకోవడం ఒకటి. ఇప్పుడా దొరగారికి కీళ్లనొప్పులు.

“మందు తర్వాత, ముందు తిండి తగ్గించండి. ఆ బరువు మోయలేకే కీళ్లు అరుగుతున్నాయి. ఇలాగే మేపితే ఇక లేచి నిలబడదు,” అని పశువుల డాక్టరమ్మ గడ్డి పెట్టి పంపింది.

ఆ రోజు నుంచి కోడలు దాని గిన్నెలో కొలిచి మరీ పెడుతోంది. మాత్ర వేసే పని మామగారు తీసుకున్నారు. బ్రెడ్డుముక్కకి వెన్న దట్టించి, అందులో మాత్ర దాచి పెట్టేవారు.

“అంత వెన్నెందుకు మామయ్యా?”

“మందు పడుతోందిగా అమ్మాయ్, ఏం కాదులే!”

ఏం కాకపోవడమేమిటి, కుక్క ఇంకా లావెక్కింది.

ఒక మధ్యాహ్నం కోడలు బట్టలు కుడుతుంటే బాబిన్ జారి సోఫా కిందికి దొర్లింది. సోఫా జరిపి చూస్తే ఏముంది, వెన్న జిడ్డుతో నేలకి అతుక్కుని గుట్టగా మాత్రలు! ఆ సాయంత్రం ఆమె తలుపు చాటున నిలబడింది. దొరగారు బ్రెడ్డు మింగి, మాత్రని సోఫా కిందికి ఉమ్మేసి, తలెత్తి చూసింది. “అయ్యో, మింగలేదా నా తండ్రీ!” అంటూ మామగారు ఇంకో ముక్కకి వెన్న రాశారు. దొంగ తూకాలన్నీ పట్టిన మనిషిని ఒక కుక్క బుట్టలో వేసుకుంది, ఛీ!

“అది రోజూ ఇలాగే ఉమ్మేస్తోందని మీకు తెలుసా?” అంటూ కోడలు ఎదురుగా వచ్చి నిలబడింది.

మామగారు తల దించుకున్నారు. “తెలుసమ్మా. ఈ ముక్క కోసమే కదా అది నా దగ్గరికి పరిగెత్తుకొచ్చేది. ఈ ఇంట్లో నన్ను చూసి లేచేది అదొక్కటే.”

కోడలికి జాలేసింది. అంతకు మించి ఒళ్లు మండింది.

“ఏదీ, గుమ్మం దగ్గర నిలబడి పిలవండి చూద్దాం.”

ఆయన వెన్నముక్క పట్టుకుని వెళ్లి పిలిచారు. కుక్క తోక ఊపింది. ముందు కాళ్లు నేలకి తన్నిపెట్టి లేవబోయింది. నడుము లేవలేదు. మళ్లీ ప్రయత్నించి, కుయ్యిమంటూ కూలబడింది. ఆయన ఇంకోసారి పిలిచారు.

కోడలు వెళ్లి ఆయన చేతిలోని ముక్క లాగేసుకుంది.

“ఇక మీరే వెళ్లాలి మామయ్యా దాని దగ్గరికి. ఒట్టి చేతులతో.”