మైల రోజుల్లో ముట్టిన వల

మేడ్చల్ బస్ డిపో ఎదుట, జిరాక్స్ షాపు మీది గదిలో వకీలు నజ్‌నీన్ తీర్పు కాగితాలు ముందేసుకుని కూర్చుంది. ఎదురుగా ఐలమ్మ. ఎవరైనా లేవమంటారేమోనన్నట్టు కుర్చీ అంచున సగమే కూర్చుంది.

ఆమె కొడుకు లింగానికి ఉరిశిక్ష పడింది. కింది కోర్టు వేసిన శిక్షను పై కోర్టులు రెండూ ఖాయం చేశాయి. తొమ్మిదేళ్ల కింద శామీర్‌పేట అవతల ఒక తోట బంగ్లాలో, తెల్లవారుతుండగా, ముసలి దంపతులను ఎవరో కత్తితో పొడిచి చంపారు. ఆ తోటలో అంతకు నెల ముందు వరకు పనిచేసి, యజమానితో గొడవపడి మానేసినవాడు లింగం. పట్టుకున్నప్పుడు అతని అరచేతిలో లోతైన గాయం ఉంది. ఆ పొద్దున తాను చెరువులో వల లాగుతున్నానని మొత్తుకున్నాడు. అవునన్నవాళ్లు లేరు. ఇక మిగిలింది రాష్ట్రపతికి పెట్టుకునే అర్జీ. అది నెలాఖరులోగా వెళ్లాలి.

"అవ్వా, ఒక మాట అడుగుత, కోపం చేసుకోకు," అంది నజ్‌నీన్. "పోలీసులు మొదలు అడిగినప్పుడు నీ కొడుకు చెరువుకు పోలేదన్నవ్. కోర్టుకొచ్చి పోయిండన్నవ్. జడ్జి గదే పట్టుకున్నడు. కొడుకును బతికించుకోనీకి తల్లి మాట మార్చిందని రాసిండు. మొదలు ఎందుకట్లన్నవ్?"

ఐలమ్మ కొంగు అంచును వేలికి చుట్టుకుంది. విప్పింది. మళ్లీ చుట్టుకుంది.

"మైల ఉండె బిడ్డా."

"ఏంది?"

"మా మరిది కాలం జేసి నాలుగొద్దులైంది. దినాలు గాకముందు మా పాలోళ్లు, అన్నదమ్ముల ఇండ్లోళ్లెవ్వరు వల ముట్టొద్దు. ముడితె కట్టమైసమ్మకు కోపమొస్తదంటరు. ఆ పొద్దు మనుషులు తక్కువైన్రని పెద్దమనిషి మొగులయ్య రమ్మన్నడు, వీడు పోయిండు. రెండొద్దులకే చెరువుల చేపలన్ని సచ్చి తేలినయ్. ఎవడో మైలతోని వల ముట్టిండని ఊరంత తిట్టుడే తిట్టుడు. గప్పుడే ప్యాంటు షర్టులేసుకున్నోళ్లు ఇద్దరొచ్చి, 'నీ కొడుకు మొన్న చెరువుకు పోయిండా' అన్నరు. పోలీసోళ్లని తెల్వలే, మా చేపల సంఘమోళ్లు పంపిన్రనుకున్న. పోలే అన్న. ఖూనీ సంగతి నాకేం ఎరుక?"

నజ్‌నీన్ కలం కింద పెట్టింది. "మరి గీ సంగతి కోర్టుల ఎందుకు చెప్పలే?"

"ఎనక బెంచీ మీద సంఘమోళ్లు కూసున్నరు. పోయిండంటె కొడుకు కోసం అబద్ధమాడుతున్ననుకుంటరు, మైల పేరెత్తితె నిజమేనని తెలుస్తది."

అప్పట్లో ఆ భయం ఐలమ్మకు కొండంత. కులం బయట పెడితే తన పీనుగును మోయడానికి కూడా ఎవరూ రారనుకుంది. జడ్జి చదువుకున్నవాడు, నిజం తానే కనిపెడతాడులే అనుకుంది. మాట ఎందుకు మార్చావని అడుగుతుంటే బోనులో నోరు మెదపకుండా నిలబడిన ఆ పావుగంట ఏళ్ల తరబడి ఆమె వెంటే తిరుగుతోంది.

"మాఫీ అడిగితె తప్పు ఒప్పుకున్నట్టేనా బిడ్డా?"

"కాదవ్వా. తీర్పుల అనుమానం మిగిలింది, పానం తియ్యకుండ్రి అని కూడ అడగొచ్చు. కానీ తల్లి మాట ఒక్కటే అయితె మళ్ల గదే అంటరు. ఆ పొద్దు వల దగ్గరున్నోళ్లు చెప్పాలె. మొగులయ్య చెప్తడా?"

"చెప్పడు."

"అడిగినవా?"

అడగలేదు. కట్ట మీద ఆయన ఎదురైతే ఐలమ్మ తల తిప్పుకునేది. ఆయనా అంతే.

మరునాడు పొద్దెక్కాక శామీర్‌పేట చెరువు కట్టకు పోయింది. రేకుల షెడ్డు కింద పదిమంది దాకా చిరిగిన వలలు అల్లుతున్నారు. మొగులయ్య కాళ్లు చాపుకుని, వల అంచును బొటనవేలికి తగిలించుకుని కూర్చున్నాడు. పక్కనే ఆయన కోడలు భవాని చేపలు తట్టలో సర్దుతోంది.

"ఏందత్తా, బాట తప్పినవా?" అంది భవాని.

"మొగులన్నతోని పనుంది."

"పనుంటె ఇంటికి రావాలె చెల్లె," అన్నాడు మొగులయ్య తలెత్తకుండానే.

"గీ పని ఇంట్ల అయ్యేది కాదే అన్నా. అందరు ఇనాలె." ఐలమ్మ షెడ్డు గుంజను పట్టుకుంది. "తొమ్మిదేండ్ల కింద నా కొడుకు మైలల వల ముట్టిండు. నాకు ఎరికుండే పోనిచ్చిన. తప్పు నాది. కులం బయట పెడితె పెట్టుండ్రి, ఉంట. కానీ వాడు ఆ పొద్దు ఈడనే ఉన్నడు. గీ మాట కాయిదం మీద చెప్పేటోళ్లు నాకు కావాలె."

అల్లే చేతులు ఆగిపోయాయి. ఓ మూలనుంచి ఒక ముసలాయన, "అయితె చేపలు సచ్చింది గందుకేనన్నట్టు," అన్నాడు.

"నీ మొకం!" భవాని లేచి నిలబడింది. "ఏ కంపెనీదో మురికినీళ్లు ఒర్రెల కలిసి చెరువులకొచ్చి సచ్చినయని గప్పుడే ఇస్కూలు పోరగాండ్లు సుత చెప్పిన్రు. మైసమ్మకు ఏం పనిలేదా తాతా, ఎవడింట్ల మైలుందో ఇల్లిల్లు తిరిగి సూసుకుంట కూసోనీకి?"

అందరూ నవ్వారు. ముసలాయన కూడా నవ్వాడు. మొగులయ్య నవ్వలేదు. చేతిలోని దారం చిక్కుపడితే, విడదీయకుండా దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"రమ్మన్నది నేనే," అన్నాడు చివరికి. "పెద్దమనిషినై ఉండి నేనే నేమం తప్పిన. తెలిస్తె పెద్దరికం నుంచి దించుతరని, పోలీసులడిగితె వాడు రాలేదన్న. ఎనక మాట మారిస్తె నన్నే లోపలేస్తరని భయమైంది. ఇయ్యాల రేపు అనుకుంట అనుకుంట గిన్నేండ్లాయె."

ఐలమ్మకు ఆయన చెంప పగలగొట్టాలనిపించింది. ఆ వెంటనే తనను తానూ కొట్టుకోవాలనిపించింది. "నీ భయం నా భయం కలిసి వాన్ని ఆడికి పంపినయే అన్నా," అంది.

"చేతి గాయం కత్తిదన్నరంట కదా చెల్లె," అన్నాడు మొగులయ్య. "కత్తి లేదు, ఏం లేదు. జెల్ల చేప ముల్లది. వల దులుపుతుంటె అరచేతుల దిగింది. నేనే తంబాకు నమిలి అద్ది గుడ్డ కట్టిన."

"అవు, ఆ జెల్లను ఇడిపిచ్చింది నేనే," అన్నాడు పక్కనున్నతను. "కిలోన్నర ఉంటది."

"రెండు కిలోలు," అన్నాడు ఇంకొకతను.

"నువ్వు ఆ పొద్దు ఒచ్చిందే లేటు, నీకేం ఎరుక?"

పెద్దాయన నోరు విప్పాక మిగతావాళ్ల నోళ్ల తాళాలూ ఊడాయి. తేలిందేమిటంటే, చూసినవాళ్లు ఐదుగురున్నారు.

వారంలోగా ఆ ఐదుగురూ మేడ్చల్ వచ్చి నోటరీ ముందు సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. ఫైల్లోని పాత ఫోటో చూసిన ఒక డాక్టరు, ఆ గాయం కత్తి కోతలా లేదని, ముల్లులాంటిది గుచ్చుకుంటే అలా అవుతుందని రాసిచ్చాడు. అన్నీ జతచేసి నజ్‌నీన్ అర్జీ పంపింది. ఐలమ్మ వారం పాటు ప్రతి రోజూ ఆ గది మెట్లెక్కి అదే ప్రశ్న అడిగింది.

"ఉరి తప్పినట్టేనా బిడ్డా?"

"అబద్ధం చెప్పనవ్వా. ఇంకా తప్పలే. కానీ అర్జీ తీసుకున్నరు. అది తేలేదాక తారీఖు పెట్టరు. గీ ఐదుగురి మాటతోని మళ్ల కోర్టుకు పోనీకి కూడ దారి దొరికింది. మొన్నటిదాక మనకు గదే లేకుండె."

ఆ శుక్రవారం చర్లపల్లి జైల్లో ములాఖత్. ఐలమ్మతో మొగులయ్య కూడా వచ్చాడు. జాలీ అవతల లింగం నిలబడ్డాడు. చెవుల పక్కన జుట్టు నెరిసింది.

ఐలమ్మ ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పేసింది. మరిది చావు, మైల, ప్యాంటు షర్టుల వాళ్లు, బోనులో మూగతనం. "నిన్ను నమ్మక కాదురా," అంది ఆఖరికి.

లింగం జాలీ మీద వేళ్లు ఆనించాడు. "నమ్మలేదనే అనుకున్ననే అమ్మా. గిన్నేండ్లు."

"పిచ్చోడా, అడగొద్దా?"

"నువ్వు చెప్పొద్దా?"

మొగులయ్య ముందుకొచ్చి, జాలీకి నుదురు ఆనించి, "మాఫ్ చెయ్యి అల్లుడా," అన్నాడు. లింగం ఆయన ముఖాన్ని చూశాడు. "కోర్టుల చెప్తవా మామా? అందరి ముందట?" అని మాత్రం అడిగాడు.

"పిలిస్తె నడుచుకుంటనన్న వస్త."

గంట మోగింది. ప్రతిసారీ గంట మోగగానే కొడుకు వెనక్కి తిరిగేవాడు, ఆ వీపును ఇదే ఆఖరిసారేమోనని ఐలమ్మ కళ్లలో దాచుకునేది. ఇవాళ కూడా తిరిగాడు. రెండడుగులు వేసి ఆగి, మళ్లీ జాలీ దగ్గరకొచ్చాడు.

"అమ్మా, వచ్చేవారం ఒచ్చేటప్పుడు నోటుబుక్కు తే. పెద్దది. ఆ పొద్దు ఏమేం జరిగిందో మరిచిపోకముందు మొత్తం రాస్త. వకీలమ్మకు పనికొస్తది."

ఇన్నేళ్లలో అతను ఏదైనా తెమ్మని అడగడం అదే మొదలు.

బయటికి రాగానే మొగులయ్య బస్టాపు వైపు నడవబోయాడు. ఐలమ్మ ఆయన చెయ్యి పట్టి ఆపింది.

"బస్సు ఇంకోటొస్తది తియ్యి అన్నా. ఇక్కడ నోటుబుక్కులు అమ్మే దుకాణం యాడుందో చూడు."