మూడో గోడౌన్ లేకపోతే

మేనేజరు మాట్లాడని మనిషి. ఆఫీసులో అందరూ చాటుగా మౌనస్వామి అంటారు. వాగుడుకాయలతో ఏ పేచీ లేదు, కడుపులో ఉన్నదంతా కాఫీ చల్లారేలోగా బయటపడిపోతుంది. నోరు విప్పని మనిషితోనే తంటా. అందుకే ఆయనంటే ఆమెకు మొదటినుంచీ అనుమానం.

ఆమె ఆ రంగుల కంపెనీలో ప్లానరు. ఏ ఫ్యాక్టరీలోని డబ్బాలు ఏ గోడౌన్‌కు వెళ్లాలి, అక్కడినుంచి ఏ దుకాణాలకు చేరాలి అన్నదంతా కంప్యూటర్లో మ్యాపు మీద ఉంటుంది. ఏదైనా మార్చి చూడాలంటే అసలు ప్లాను జోలికి పోరు. దానికో నకలు తీసి, అందులో ఒక లారీ తగ్గించో, ఒక దారి మూసేసో రన్ నొక్కుతారు. ఎక్కడ దెబ్బ తగులుతుందో అది ఎర్రగా చూపిస్తుంది. ఆ నకళ్లకు వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు ‘ఒకవేళలు’.

ఒక ఉదయం ఆమె ఫోల్డర్లో కొత్త ఒకవేళ కనిపించింది. పేరు ‘మూడో గోడౌన్ లేకపోతే’. పెట్టింది మేనేజరు. తెరిస్తే మూడో గోడౌన్ పక్కన టిక్కు తీసేసి ఉంది. ఇంకా ఎవరూ రన్ చెయ్యలేదు.

మూడో గోడౌన్లో లోడింగ్ ఇన్‌ఛార్జి ఆమె అక్క మొగుడు. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు. అంతకుముందు పని పోయి బావ చాలాకాలం ఇంట్లో కూర్చున్నాడు. ఆ రోజుల్లో ఆ ఇంట్లో గిన్నె కిందపడ్డా పోట్లాటే. మళ్లీ అదే వస్తే అక్క తట్టుకోలేదు.

రన్ నొక్కితే సంగతేమిటో తేలిపోయేది. కానీ నొక్కినవాళ్ల పేరు పడుతుంది. పక్క సీటాయన్ని అడుగుదామంటే, ఆయన ఆ పూటే తన స్క్రీన్ గోడవైపు తిప్పుకున్నాడు. ఈయనా వాళ్ల మనిషే అనుకుంది. మధ్యాహ్నం మేనేజరు తలుపేసుకుని ఎవరితోనో ఫోన్లో చాలాసేపు మాట్లాడాడు. పైగా బయటికొచ్చి ఆమెను చూసి నవ్వాడు. ఇక ఆమెకు వేరే రుజువు అక్కర్లేకపోయింది.

సాయంత్రం నేరుగా అక్క ఇంటికి వెళ్లింది.

“బావా, నేను చెప్పానని ఎక్కడా అనకండి. మీ గోడౌన్ ఎత్తేస్తున్నారు.”

బావ టీ కప్పు కింద పెట్టేశాడు. “నువ్వు చూశావా మరదలా?”

“కళ్లారా చూశాను. టిక్కు తీసేశారు.”

“నాకు ముందే అనుమానం,” అంది అక్క. “మొన్న గోడలకి రంగులేయించారా లేదా? అమ్మేముందే ఇలాంటి సోకులు చేస్తారు.”

రంగుల కంపెనీ గోడలకు రంగు వేయించడంలో వింతేముందని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు.

“వాళ్లు మెడపట్టి గెంటేదాకా ఉండటమెందుకు? మన దారి మనం చూసుకుందాం,” అన్నాడు బావ.

చూసుకున్నాడు. ఊరి చివర టైల్స్ కంపెనీలో, కాంట్రాక్టు మీద, రాత్రి డ్యూటీ. మంచి మనసున్నవాడు కదా, తన కింద లోడింగ్ వాళ్ల చెవినా వేశాడు. వాళ్లకూ పెళ్లాంపిల్లలున్నారు. వాళ్లూ తలో దారి చూసుకున్నారు.

ఆ తర్వాతి వారం మేనేజరు ఆమె సీటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“మూడో గోడౌన్ ఖాళీ అయిపోయిందమ్మా. ఇన్‌ఛార్జి మానేశాడు, వెనకాలే మిగతావాళ్లు. గోడౌన్ మూసేస్తున్నామని ఎవరో లేనిపోనివి ఎక్కించారట. మీకు పెట్టిన ఒకవేళ రన్ చేశారా?”

“లేదు సార్.”

“వానలకి రోడ్లు మునిగితే ఎలాగని ఒక్కో గోడౌన్‌కీ ఒక్కోటి పెట్టాను, ఎవరిది వాళ్ల ఫోల్డర్లో. చూసి చెబుతారనుకున్నా.”

పక్క సీటాయన తలెత్తాడు. “నాకూ వచ్చిందండీ, రెండో గోడౌన్ లేకపోతే అని. కంగారుపడి అప్పుడే సార్‌ని అడిగేశా.”

“మరి స్క్రీన్ అటు తిప్పుకున్నారేం?” అంది ఆమె.

“ఎండ కొడుతోందండీ,” అని ఆయన కిటికీ చూపించాడు.

“ఇప్పుడది ఒకవేళ కాదు. రన్ చెయ్యండి,” అన్నాడు మేనేజరు.

నొక్కింది. మ్యాపులో ఒక పక్కంతా ఎర్రబడింది. మూడో గోడౌన్ లేకుండా ఆ వైపు దుకాణాలకు సరుకు చేరే దారే లేదు.

“చూశారా? ఇలాంటిదాన్ని మేమెందుకు మూస్తామమ్మా? ఇప్పుడు సరుకెత్తే మనుషుల్లేక మూయక తప్పదు,” అని ఆయన వెళ్లిపోయాడు. అన్ని మాటలు ఆయన నోట ఆమె ఎన్నడూ వినలేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఫోన్ మోగింది. బావ. రాత్రి డ్యూటీ చేసి వచ్చాడేమో, గొంతు బొంగురుగా ఉంది.

“విన్నావా మరదలా, మన గోడౌన్ మూసేస్తున్నారట! నువ్వు చెప్పిందే జరిగింది. నువ్వే లేకపోతే ఏమైపోయేవాళ్లమో!”

ఏమీ అయ్యేవాళ్లు కాదు. ఆ మాట బావతో అనడానికి ఆమెకు నోరు పెగల్లేదు.