చిల్లులు పడ్డ ఆకులు

నేను ఒక జిల్లేడు మొక్కను. నా జీవితంలోకెల్లా పెద్ద శుభవార్త ఒక మధ్యాహ్నం రెక్కల మీద వచ్చింది. నారింజ రంగు రెక్కలు, అంచుల్లో నలుపు, ఆ నలుపులో తెల్లటి చుక్కలు. ఆ సీతాకోకచిలుక నా లేత ఆకు మీద వాలి, కాళ్లతో గీరి చూసి, ఆకు అడుగున ఒక గుడ్డు పెట్టింది. ఆవగింజలో సగం కూడా లేదు. ఆ మాత్రం బరువుకే నేను పొంగిపోయాను. ఆపైన ఆకు ఆకుకూ తిరిగి మరికొన్ని పెట్టింది.

తుపానుకు ముందు ఈ సముద్రపు దిబ్బ నిండా మావాళ్లే. కెరటం వచ్చి అందరినీ ఊడ్చుకుపోయింది. నా వేరొక్కటే మిగిలి మళ్లీ చిగిర్చింది. ఈ సీతాకోకచిలుక పిల్లలకు మా పాల ఆకే తిండి, మరొకటి ముట్టవు. అంత పొడుగు తీరంలో అది వెతికి వెతికి నన్ను కనిపెట్టిందంటే సంబరం కాదా?

దూదిపింజె పట్టుకుని ఎగిరొచ్చి ఇక్కడ పడ్డ గింజను నేను. అప్పటినుంచి ఎంతోమంది నన్ను తమదనుకున్నారు. ఒక పెద్దమనిషి కారులో వచ్చి, నా పక్కన సరిహద్దు రాయి పాతించి, దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు. ఆ వేసవి గాలికి దిబ్బ పక్కకు జరిగింది, రాయి ఇసుకలో మునిగింది. ఆయన కొన్నదేమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఇప్పుడు నేను నూకరాజు, ఈశ్వరిల సొత్తును. కొత్తగా పెళ్లయినవాళ్లు. పడవ ఒడ్డుకు చేరాక సాయంత్రాలు నా పక్కన చతికిలబడి, ఒకే పొట్లంలో మరమరాలు తింటూ, ఒకరి చెయ్యి ఒకరు నెట్టుకుంటారు. సీతాకోకచిలుక వచ్చిన రోజు ఈశ్వరి చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని దిబ్బంతా దాని వెంట పరుగెత్తింది.

"బావా, మన పెల్లికి రాని సుట్టం ఇప్పుడొచ్చినాది సూడు," అంది రొప్పుతూ.

"వొట్టి సేతుల్తో వొచ్చినాదేటి మరి?" అన్నాడు నూకరాజు.

వట్టి చేతులతో రాలేదు. గుడ్లు పగిలాయి. తెలుపు, నలుపు, పసుపు చారల గొంగళిపురుగులు బయటికొచ్చాయి. మేకలు ఉమ్మేసే నా చేదు పాలను అవి అమృతంలా తాగాయి. ఆ చేదు ఒంట్లో ఉంటే పిట్టలు వాటి జోలికి రావు. వాటి పళ్ల కింద నా ఆకు కరకరలాడుతుంటే ఎంత హాయి! ఒక్కో చిల్లు పడినప్పుడల్లా ఒక పిల్ల కడుపు నిండిందని మురిసిపోయాను.

ఇంతలో రథసప్తమి దగ్గరపడింది. నూకరాజు తల్లి పోలమ్మ కోడలికి కచ్చితంగా చెప్పిందట, పెళ్లయ్యాక తొలి సప్తమికి మొగుడూ పెళ్లాం జిల్లేడాకులు తలమీద, భుజాలమీద పెట్టుకుని సముద్రంలో మునగాలని, ఆకుకు చిల్లు ఉండకూడదని.

ఇందాక ఇద్దరూ ఆకులు చూడ్డానికి వచ్చారు.

"ఏటి బావా ఇది, ఆకుకో సిల్లు."

"పురుగులట్టేసినాయే. మొక్కనంతా తినెత్తన్నాయి."

ఈశ్వరి నా పక్కన కూలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "సప్తమికి ఆకులు ఇంకో ఊర్నించైనా తెచ్చుకుందుం. ఆ సీతాకోకసిలక దీనికోసమే వొస్తాది బావా. ఇది సచ్చిపోతే మరి రాదు."

అవి దాని పిల్లలే, ఈశ్వరీ. చెప్పడానికి నాకు నోరేది? ఆకులన్నీ ఆడించాను. గాలి వీచిందనుకుని ఆమె కొంగు సర్దుకుంది. పెద్ద గొంగళి అప్పుడే తిండి మానేసి, గూడు కట్టుకునే చోటు కోసం నా కొమ్మ మీద మెల్లగా పాకుతోంది. దాని పనిలో అది ఉంది.

"ఏడవకే," అన్నాడు నూకరాజు. "అమ్మకాడ పొగాకు కాడలున్నాయి. ఇప్పుడే నానబెట్టి, రేపు తెల్లారగానే ఆ నీల్లు కొట్టేద్దుం. ఒక్క పురుగూ మిగల్దు."

ఆమె ముఖం వెలిగింది. "ఒక బిందె మంచినీల్లు కూడా తెద్దుం బావా. దాహంతో ఉన్నట్టుంది."

వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి వచ్చి, నా కాండాన్ని అరచేత్తో నిమిరింది.

"తెల్లారగానే వొచ్చెత్తాం. ఈ ఒక్క రాత్రీ ఓర్సుకో."