సువార్తమ్మ పిడికెడు

నేను ఒక పాలపొడి డబ్బాను. నాలో పాలపొడి ఉండి ఇరవై రెండేళ్ళయింది గనుక ఈ మాట ఎవరూ నమ్మరు. ఏదో ఫ్యాక్టరీలో రేకును గుండ్రంగా చుట్టి, అడుగు అతికించి, పొట్ట మీద నవ్వే పసివాడి బొమ్మ వేశారు. చర్చిలో క్రిస్మస్ టీలకు పొడంతా అయిపోయాక నన్ను పారేయబోతుంటే, సువార్తమ్మ కొంగు చాటున దాచి ఇంటికి తెచ్చుకుంది. పసివాడి నవ్వు ఎప్పుడో చెరిగిపోయింది.

రోజూ పొద్దున అన్నానికి బియ్యం కొలిచాక, అందులోంచి ఒక పిడికెడు తీసి, నెత్తిన కొంగు కప్పుకుని, ప్రార్థన చేసి నాలో వేసేది. ఆదివారం నన్ను చంకన పెట్టుకుని చర్చికి తీసుకెళ్ళి, బీదవాళ్ళ కోసం ఉంచిన గోతంలో ఒంపేది. ఆ సంఘంలో ఆడవాళ్ళందరి ఇళ్ళలోనూ నాలాంటి డబ్బా ఒకటుంటుంది. ఇంతకీ ప్రార్థన అంటే బియ్యమా, మాటా అన్నది నాకు మొదటి నుంచీ గందరగోళమే. రెండూ కలిసే వచ్చేవి మరి.

మాట మాత్రం ఎప్పుడూ ఒకటే. "ప్రభువా, మా ఆయన నోరు తెరిపించయ్యా. ఒక్కసారన్నా నీతో మాట్టాడనియ్యి."

ఆ ఆయన ఇశ్రాయేలు, లారీ డ్రైవరు. పేరు చూస్తే బైబిల్లో సగం ఆయనదే అనిపిస్తుంది గానీ, ఇంట్లో ప్రార్థన మొదలవగానే ఆయనకు బీడీ గుర్తొచ్చేది. లేచి వాకిట్లోకి వెళ్ళిపోయేవాడు. మొండివాడు కాదు, సిగ్గు. పెద్ద ఆఫీసరు ముందు నిలబడాల్సి వస్తే తప్పుకునే మనిషి.

పోయిన వానాకాలం సువార్తమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. మాటా పడిపోయింది.

ఇశ్రాయేలు లారీ మానేసి పొయ్యి దగ్గరికొచ్చాడు. దారి పొడుగునా వండుకు తిన్నవాడే గనుక అన్నం బాగానే వండాడు. ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే ఆవిడ పళ్ళు బిగించింది. రాగిజావ కాస్తే రెండు గుక్కలు తాగేది, అన్నం మాత్రం ముట్టేది కాదు. మెత్తగా వండాడు, చారు పోశాడు, పెరుగు కలిపాడు. ఏం చేసినా అంతే. అన్నం తినకపోతే మందులు పనిచేయవని డాక్టరు కేకలేశాడు.

"తినవేందే సువార్తా? ఉప్పు తగ్గిందా? చెప్పకపోతే నాకెట్టా తెలుస్తది?"

నాకు తెలుసు. పిడికెడు తీయని బియ్యం ఆవిడ ఏనాడూ వండలేదు. తెలిసి ఏం లాభం, నాకు మూత ఉంది గానీ నోరు లేదు. నోరున్న ఆవిడకు మాట లేదు. ఇద్దరం ఆయన వంక చూస్తూ కూర్చున్నాం.

వారం రోజులకు ఆవిడ చూపు ఎటు పోతోందో ఆయన కనిపెట్టాడు. "ఓహో, ఇదా!" అని వచ్చి, మూత ఊడదీసి, వారం బాకీ ఏడు పిడికిళ్ళూ ఒకేసారి పోశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆయన పిడికిలి పెద్దది, ఏడుకే నేను సగం నిండాను. అయినా తల అడ్డంగానే ఊగింది. ఆయన బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

"బియ్యం ఏసినా గదే! ఇంకేంది?" అని, ఉన్నట్టుండి ఆగాడు. "నువ్వేదో గొణిగేదానివి. అదా?"

ఆవిడ కళ్ళు నిండాయి.

ఆయన వాకిలి వైపు చూశాడు. బీడీ కోసమే అనుకున్నాను. వెళ్ళలేదు. నాలోంచి ఒక పిడికెడు వెనక్కి తీసుకుని, కళ్ళు మూసుకోవాలో తెరవాలో తెలియక ఒక కన్ను మూశాడు.

"అయ్యా, నేను ఇశ్రాయేలుని. మాట్టాడ్డం నాకు చేతకాదు. ఇయ్యాల బియ్యంలో మట్టిగడ్డలున్నయ్. మా సువార్త అన్నం తినట్లా. ఆమె తినకపోతే నాకూ సయించట్లా. అంతే." ఎట్లా ముగించాలో తెలియక, "రేపొస్తా" అన్నాడు.

పిడికిలి వదిలాడు. సువార్తమ్మ నోరు తెరిచింది. ఆయన ముద్ద పెడుతుంటే ఏడుస్తూనే తింది.

అప్పటి నుంచీ నాకు ఒకటే ఆలోచన. ఇరవై రెండేళ్ళు అడిగినదానికి ఇదా జవాబు? ఆయన నోరు తెరవడానికి ఆవిడ నోరు మూతపడాలా? ఇది దయా, అన్యాయమా? అడుగుదామంటే ఎవరిని అడగాలో తెలియదు. సువార్తమ్మకు తెలుసేమో, చెప్పలేదు.

ఇశ్రాయేలు మాత్రం రోజూ వస్తున్నాడు. కాకపోతే బియ్యం కడిగేశాకే ఆయనకు గుర్తొస్తుంది. ఆ తడి పిడికిలే తెచ్చి, "అయ్యా, నేనే, ఇశ్రాయేలుని" అంటూ నాలో వదులుతాడు. ఆవిడ ఎడమ చెయ్యి ఊపి వద్దంటుంది. ఈయనకు అర్థం కాదు. అన్నేళ్ళు పొడిగా ఉన్న నా అడుగున ఇప్పుడు తుప్పు మొదలైంది. ఎన్నాళ్ళు ఉంటానో తెలియదు. అయినా పొద్దున మూత మీద ఆయన చెయ్యి పడటం క్షణం ఆలస్యమైతే నాకు కంగారుగా ఉంటోంది.