అయిందా, అల్లుడుగారూ?

పాప పుట్టిన మర్నాడు పచ్చగా కక్కింది. పాలు కక్కితే ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. ఆకుపసరులాంటి ఆ రంగు చూడగానే కాన్పు చేసిన డాక్టరమ్మ మొహం మారిపోయింది. గంట తిరక్కుండా అంబులెన్స్ వచ్చింది. తల్లికి కడుపు కోసి బిడ్డను తీశారు, కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. మంచం దిగే స్థితిలో లేదు. ఆమెకు తోడుగా వాళ్ళమ్మ ఉండాలి. ఊరికి ఆ చివరన ఉన్న పిల్లల ఆసుపత్రికి పాపతో వెళ్ళడానికి ఇక మిగిలింది తండ్రి ఒక్కడే.

అతనికి బస్టాండు ఎదురుగా చిన్న సెలూన్ ఉంది. పొద్దుట్నించీ ఎవరెవరి తలలో అతని చేతుల్లోనే ఉంటాయి. గెడ్డం గీసేటప్పుడు గొంతు మీద కత్తి పెట్టి కబుర్లు చెబుతాడు, చెయ్యి ఇసుమంతైనా వణకదు. అలాంటివాడు అంబులెన్స్‌లో దారిపొడుగునా పాప వేలు ముట్టుకోవడానికి కూడా జంకాడు.

పిల్లల ఆసుపత్రిలో సర్జన్ ఒక బక్కపలచని పెద్దాయన. కాగితం మీద గీత గీసి చూపించాడు. "పేగులో ఇక్కడ కాస్త ముక్క తెరుచుకోకుండానే పుట్టింది. ఆ ముక్క తీసేసి, రెండు కొసలూ కలిపి కుట్టేస్తాం. పుట్టుకతో వచ్చేదే. తల్లి తిన్నదాన్నిబట్టీ కాదు, మీరు చేసినదాన్నిబట్టీ కాదు."

ఆ చివరి మాట అతను గట్టిగా పట్టుకున్నాడు. ఆపరేషన్ జరిగినంతసేపూ తలుపు ముందు నిలబడి ఆ మాటే భార్యకు ఫోన్‌లో రెండుమూడుసార్లు చెప్పాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. సర్జన్ బయటికొచ్చి నవ్వుతూనే చెప్పాడు.

"ఇక పాలు పట్టొచ్చాండీ?"

"అప్పుడేనా! కుట్టిన పేగు నిద్ర లేవాలి కదా. పాపకి మోషన్ అయితే దారి పడ్డట్టు లెక్క. అప్పటిదాకా సెలైనే."

అలా మొదలైంది ఆ ఎదురుచూపు. వార్డులో పాపను పైనుంచి వెచ్చదనం తగిలే చిన్న మంచం మీద పడుకోబెట్టారు. ముక్కులోంచి సన్నటి గొట్టం, దాని చివర ఒక సంచి. పొట్ట మీద తెల్లటి పట్టీ. సూది గుచ్చడానికి చేతుల్లో నరం దొరక్క తలకు ఒకపక్కన జుట్టు గీసేశారు. అతని చూపు ముందు అక్కడే ఆగింది.

"ఎవరండీ ఈ కటింగ్ చేసింది?"

"నేనే. ఏం?" అంది నర్సు. నడివయసు మనిషి, గొంతు గట్టిది. వార్డంతా ఆమెను పెద్దసిస్టర్ అంటుంది.

"నా షాపులో ఇలా చేస్తే డబ్బులివ్వకుండా లేచిపోతారండీ."

"మీ పాప కూడా ఇవ్వలేదు లెండి" అంది ఆమె, సెలైన్ చుక్కలు సరిచూస్తూ. పాప పుట్టిన రెండోరోజు నుంచి బిగుసుకుపోయిన అతని మొహంలో మొదటిసారి నవ్వు కదిలింది.

అసలు చిక్కు ఫోన్‌తో వచ్చింది. భార్యకు కుట్ల దగ్గర నొప్పి ఎక్కువై, మందులకు మత్తుగా పడుకునేది. ఫోన్ అత్తగారి చేతిలో ఉండేది. పెళ్ళయిన దగ్గర్నుంచి అత్తా అల్లుళ్ళ మధ్య నడిచిన మాటలు నాలుగైదే: "బాగున్నారా?", "బాగున్నానండీ", "కాఫీ తీసుకుంటారా?", "తీసుకుంటానండీ". అతను ముందుగదిలో కూర్చుంటే ఆమె లోపలిగదిలోకి వెళ్ళిపోయేది. అంత మర్యాద. అలాంటి మనిషి ఇప్పుడు పూటకు ఇన్నిసార్లని లేకుండా ఫోన్ చేసి, గొంతు సవరించుకుని అడగాల్సి వచ్చింది.

"అల్లుడుగారూ... మరి... అదీ... అయిందా?"

"ఇంకా లేదండీ."

"పోనీ... గాలి... లాంటిదేమైనా..."

"అదీ లేదండీ."

ఇద్దరూ సిగ్గుతో చితికిపోయేవారు. ఫోన్ పెట్టేశాక అతను చెమట తుడుచుకునేవాడు. అవతల ఆమె పరిస్థితీ అంతేనని తర్వాత భార్య చెప్పింది.

ఒక మధ్యాహ్నం పెద్దసిస్టర్ వచ్చి, "చొక్కా గుండీలు విప్పి ఈ కుర్చీలో వెనక్కి వాలండి" అంది.

"నేనా? ఎందుకండీ?"

"అమ్మ లేనప్పుడు నాన్నే అమ్మ. ఒంటికి ఆనుకుంటే పిల్లలు త్వరగా కోలుకుంటారు."

"నాకు చేతకాదండీ. గొట్టాలున్నాయి. ఏదైనా లాగేస్తే?"

"గొట్టాలు నేను చూసుకుంటా. మీరు పాపను చూసుకోండి."

పాపను తెచ్చి అతని ఛాతీ మీద బోర్లా పెట్టి, పైన దుప్పటి కప్పింది. పిడికెడు బరువు కూడా లేదనిపించింది అతనికి. ఊపిరి తీయడానికీ భయపడ్డాడు. కాసేపటికి పాప మొహం అటు తిప్పి, చెంప అతని రొమ్ముకు ఆనించి, పెద్దవాళ్ళలా ఒక నిట్టూర్పు విడిచింది. అతని చెయ్యి దానంతటదే లేచి పాప వీపు మీద వాలింది. అరచెయ్యి ఆనితే వీపంతా కప్పుకుపోయింది. ఆ రోజు నుంచి వేళ కాగానే తనే గుండీలు విప్పుకుని కూర్చునేవాడు.

ముక్కుగొట్టంలోంచి వచ్చే పసరు రంగు రోజురోజుకీ పలచబడింది. సర్జన్ పొట్ట మీద స్టెతస్కోప్ పెట్టి విని, "లోపల గుడగుడ మొదలైంది" అన్నాడు. అయినా డైపర్‌లో తడి తప్ప ఇంకేమీ ఉండేది కాదు. విప్పిన ప్రతిసారీ అతని ప్రాణం ఉసూరుమనేది. పక్క మంచం బాబు తల్లి కూడా కళ్ళతోనే అడిగేది, అతను తల అడ్డంగా ఊపేవాడు.

ఒక ఉదయం పెద్దసిస్టర్ ఇంకా డ్యూటీకి రాలేదు. పాప మొహం ఎర్రబడి, కాళ్ళు పొట్టలోకి ముడుచుకుని, పిడికిళ్ళు బిగించి ముక్కింది. కుట్లు నొప్పేమోనని అతను గాభరాగా లేచాడు. ఇంతలో వాసన తగిలింది. డైపర్ అంటింపులు విప్పిన చేతులు, కత్తి పట్టినప్పుడు వణకని ఆ చేతులు, అప్పుడు వణికాయి.

చూశాడు. మళ్ళీ చూశాడు. పక్క మంచం తల్లిని పిలిచి చూపించాడు. ఆవిడ "అదే! అదే!" అంటూ చప్పట్లు కొట్టింది. అతను ఒక చేత్తో డైపర్ పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ చేశాడు.

"అత్తయ్యగారూ, అయింది!"

"ఏది?"

"అదేనండీ! అదీ!"

 అంతే, మర్యాదలన్నీ గట్టు మీద పెట్టి ఆమె ప్రశ్నల వాన కురిపించింది.

"ఎంత?"

"అరచేతిలో సగం ఉంటుందండీ."

"రంగు?"

"ముదురాకుపచ్చ. జిగురుగా ఉంది."

"వాసన?"

"బ్రహ్మాండంగా ఉందండీ!"

వార్డంతా గొల్లున నవ్వింది. అప్పుడే లోపలికి అడుగుపెట్టిన పెద్దసిస్టర్ చేతిసంచి కూడా కింద పెట్టకుండా వచ్చి చూసి, "శభాష్!" అంది. ఎవరిని మెచ్చుకుందో గానీ తండ్రీకూతుళ్ళిద్దరికీ చెందింది. ఫోన్‌లో అత్తగారు ఏడుస్తోంది. ఏడుస్తూనే, "నా తండ్రీ, నా నాయనా... నువ్వేమైనా తిన్నావా లేదా?" అంది. అంతవరకూ ఆమె నోట తన గురించి 'నువ్వు' అన్న మాట అతను వినలేదు. "తింటానమ్మా" అన్నాడు.

తల్లి పిండి దాచిన పాలు అత్తగారే స్వయంగా పట్టుకొచ్చింది. ముక్కుగొట్టం తీసేశారు. మొదట చెంచాడు పాలే పట్టారు. పాప పెదవులు చప్పరించి, ఇంకా కావాలన్నట్టు నోరు తెరిచింది. మరికాస్త పట్టారు. ఆ పూట గడిచింది. మర్నాడు పాలు పట్టి భుజాన వేసుకోగానే భళ్ళున కక్కింది. 

"సిస్టర్! సిస్టర్! మళ్ళీ కక్కింది!"

పెద్దసిస్టర్ నింపాదిగా వచ్చింది. పాపను కాదు, ముందు అతని చొక్కా భుజం చూసింది.

"ఏ రంగు?"

"తె... తెలుపండీ."

"పచ్చదనం ఉందా?"

"లేదు."

"పాలు ఎక్కువైతే ఏ పిల్లైనా చేసే పనే ఇది. ఇంటికెళ్ళాక ఇలాంటివి చాలా చూస్తారు, చొక్కాలు ఎక్కువ ఉంచుకోండి."

సర్జన్ వచ్చి పొట్ట నొక్కి చూశాడు. మెత్తగా ఉంది. "దారి బాగుంది. ఇక మీ పాప మామూలు పాప" అన్నాడు. అతను నీళ్ళగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి మొహం కడుక్కున్నాడు. ఎంత కడుక్కున్నా తడి ఆగలేదు. ఏడవడానికి అన్నాళ్ళూ తీరిక లేదు, ఇప్పుడు దొరికింది.

ఆ వారంలోనే భార్య వచ్చింది. పొట్ట మీద ఒక చెయ్యి ఆనించుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వార్డు తలుపు దగ్గర ఆగింది.

"నన్ను గుర్తుపడుతుందంటారా?" అంది భర్తతో.

"నీ గొంతు కడుపులోంచే విన్నది కదా. పిలిచి చూడు."

ఆమె "బుజ్జితల్లీ" అంది, అంతే. పాప కళ్ళు విప్పలేదు గానీ మెడ అటు తిరిగింది. తల్లి ఒళ్ళోకి చేరగానే పాల కోసం వెతుక్కుంది. దొరికాక చిన్న చప్పుడు చేస్తూ మింగడం మొదలుపెట్టింది. మొదటి రోజుల్లో పొంగి పొంగి వృథాగా పోయిన పాలన్నీ గుర్తొచ్చాయేమో, ఆమె కళ్ళనిండా నీళ్ళతో నవ్వుతోంది. అతను కుర్చీ దగ్గరికి లాగి కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. అతని గురకకు పక్క మంచం బాబు ఉలిక్కిపడి లేచాడట. ఎవరూ అతన్ని లేపలేదు.

డిశ్చార్జి రోజున కారు మాట్లాడుకున్నారు. వెనక సీట్లో తల్లీ బిడ్డా తండ్రీ, ముందు సీట్లో అత్తగారు. గతుకు వచ్చినప్పుడల్లా ఆమె డ్రైవర్ మీద విరుచుకుపడింది.

"నెమ్మది బాబూ! లోపల కుట్లున్న మనుషులు ఇద్దరున్నారు!"

"ఇంతకన్నా నెమ్మదంటే దిగి తొయ్యాలండీ" అన్నాడు డ్రైవర్.

"తొయ్యి, తప్పేముంది? మా అల్లుడు కూడా ఓ చెయ్యి వేస్తాడు. ఏం నాయనా?"

"వేస్తానండీ" అన్నాడు అతను. భార్య ఆశ్చర్యంగా ఇద్దరివైపూ మార్చి మార్చి చూసింది.

కారు ఆ నడకతో ఇల్లు చేరేసరికి పాలవేళ దాటిపోయింది. మెట్లెక్కుతుండగానే పాప ఏడుపు అందుకుంది, ఇరుగుపొరుగు తలుపులు తెరుచుకునేంత గట్టిగా. అతను తాళం తీశాడు, అత్తగారు దీపం వేసింది, తల్లి గోడకు ఆనుకుని కూర్చుంది. ఎవరూ కంగారుపడలేదు. అది వట్టి ఆకలి ఏడుపు.