పసుపు తిరగని దీపం

నేను ఒక లిథియం బ్యాటరీని. బొగ్గుబాయిలో దిగే మనిషి నెత్తి మీది దీపానికి తిండి పెట్టేదాన్ని. దుర్గం ఓదెలు కాలు అతని నిర్లక్ష్యం వల్లే పోయిందని కాగితం రాసి సంతకాలు చేసిన పెద్దలారా, ఆ కాగితం అబద్ధం. కాలు తీసింది పట్టాల మీద బొగ్గు మోసే టబ్బు. ఆ టబ్బు ముందు అతన్ని చీకట్లో నిలబెట్టింది నేను. నన్ను అట్లా తయారుచేసింది మీరు. నా తప్పు నేను ఒప్పుకుంటున్నాను. మీరు ఒప్పుకోరు. అందుకే నోరు తెరవాల్సి వచ్చింది.

ఎక్కడ పుట్టానో సరిగా తెలియదు. దేశం కాని దేశంలో ఎవరో పల్చటి రేకులను చాపలా చుట్టి, ఘాటైన ద్రవం పోసి, డబ్బాలో బిగించారు. పక్కన గోరంత సర్క్యూటు పెట్టారు. దాని పని ఒక్కటే. నా కడుపు ఒక హద్దు దాటి ఖాళీ అయితే తలుపు మూసేయాలి, లేకపోతే నేను చెడిపోతాను. అది నన్ను కాపాడటానికి పెట్టింది. నా వెలుగులో నడిచే మనిషిని కాపాడటానికి ఏమీ పెట్టలేదు. పెట్టెలో నాతోపాటు ఒక కాగితం వచ్చింది. ఐదు వందల సార్లు నింపాక మార్చాలని, ఆరిపోయే ముందు వెలుగు తగ్గదని అందులో ఇంగ్లీషులో ఉంది. స్టోర్సు గుమాస్తా దాన్ని ఫైల్లో పెట్టి తాడు కట్టాడు. ఆ ముడి ఇప్పటికీ ఎవరూ విప్పలేదు.

బాయి మీద ల్యాంపు రూములో నన్ను చేర్చిన రోజు, కింది అరలో ముసలి సీసం బ్యాటరీలు వరసగా ఉన్నాయి. ఒక్కొక్కటి చిన్నపిల్ల బరువు. నడుముకు కట్టుకుంటే యాసిడ్ కారి ప్యాంటుకు చిల్లులు పడేవి, తోలు కాలేది. ఈ బాయిలో నడుము మీద మచ్చ లేని మనిషి లేడు. కానీ ఆ ముసలివాటికి ఒక నీతి ఉండేది. ఒక్కసారిగా చచ్చేవి కావు. బలం తగ్గుతున్నకొద్దీ గోడ మీది వెలుగు తెలుపు నుంచి పసుపుకు, పసుపు నుంచి ఇటుక రంగుకు తిరిగేది. పసుపు తిరిగిందంటే ఇంకో గంట ఉందని లెక్క. బీడీ, అగ్గిపెట్టె, సెల్‌ఫోను అన్నీ పైనే తీసుకుంటారు కాబట్టి కింద వాళ్లకు గడియారం అదే. పసుపు తిరిగాక కొత్త పనికి పోకూడదని, దూరం నడవకూడదని వాళ్లలో వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు. ఏ రూలు పుస్తకంలోనూ లేదు. రూలు పుస్తకం కంటే ఎక్కువ ప్రాణాలు కాచింది.

వర్క్‌షాపు డ్రిల్లు మిషనులో నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉండేది. మొరటు జాతి. ఎంత వాడినా తట్టుకుంటుంది, కానీ పగిలితే కడుపులో ఉన్నది విషం. సర్వేయరు టార్చిలో ఉన్న నికెల్ హైడ్రైడ్‌ది ఇంకో రోగం. ఊరికే కూర్చుంటేనే సగం కరిగిపోతుంది. వీటన్నిటి ముందు నేను దొరసాని. తేలిక. కారను. మొదటి నిమిషం ఎంత తెల్లగా వెలుగుతానో చివరి నిమిషమూ అంతే తెల్లగా వెలుగుతాను. నా గొప్ప అదే. నా నేరమూ అదే.

ఓదెలు పంపు ఖలాసీ. బాయి అడుగున నీళ్లు చేరే గుంట దగ్గర ఒక్కడే కూర్చుని పంపు నడపడం అతని పని. ఇరవై ఆరేళ్లుగా అదే పని. నన్ను మొదటిసారి బెల్టుకు కట్టుకున్న రోజు నడుము తడుముకుని నవ్వాడు.

"ఏం బుచ్చక్కా, బ్యాటరీ ఇచ్చినవా, ఉత్త డబ్బా ఇచ్చినవా? బరువే లేదు."

"బరువు కావాల్నంటే నన్ను ఎత్తుకపో" అంది బుచ్చక్క. ల్యాంపు రూములో దీపాలు ఇచ్చేదీ, తీసుకునేదీ, నింపేదీ ఆమే. లైన్లో ఉన్నవాళ్లంతా నవ్వారు.

మూడు నెలల్లో ఓదెలు నడుము మీది పుండ్లు మానాయి. నేను గర్వపడ్డాను. బ్యాటరీకి గర్వమేమిటని మీరనొచ్చు. సంతకం పెట్టే పెన్నుకు మీరు ఇచ్చే గౌరవం చూశాక నాకు సిగ్గు పోయింది.

ఐదు వందల సార్లు నింపడం రెండేళ్లలో అయిపోయింది. ఎవరూ మార్చలేదు. నా కడుపు చిన్నదవుతూ వచ్చింది. మొదట్లో నేను నిండటానికి ఆరు గంటలు పట్టేది. తర్వాత నాలుగు, మూడు. చివరికి రెండు గంటలకే ఛార్జరు మీద ఆకుపచ్చ లైటు వెలిగేది. బుచ్చక్క అది పట్టింది. ఇంజనీరు రౌండుకు వచ్చినప్పుడు అడిగింది.

"సారూ, ఇవి గింత జల్ది ఎట్ల నిండుతున్నయి? నాకేందో మంచిగ అనిపిస్తలేదు."

"తొందరగా నిండితే మంచిదే కదమ్మా. నీకు పని తగ్గింది" అని ఆయన ఒక దీపం స్విచ్చి నొక్కాడు. తెల్లగా వెలిగింది. "చూడు, ఎంత బాగుందో."

పాత సీసం బ్యాటరీకి పెట్టే పరీక్షే నాకూ పెట్టారు. వెలుగుతుందా అని చూశారు. ఎంతసేపు వెలుగుతుందని ఒక్కడూ అడగలేదు. అప్పటికే కింద కొన్ని దీపాలు ఆరిపోతున్నాయి. కానీ నలుగురు కలిసి పనిచేసే చోట ఒకడిది ఆరితే పక్కవాడి వెలుగులో బయటికొస్తాడు. నవ్వుకుంటారు, మరిచిపోతారు. ఓదెలు పక్కన ఎవరూ ఉండరు. పంపు దగ్గర బల్బు ఉంది కాబట్టి కూర్చున్నంతసేపు నన్ను ఆర్పేసేవాడు, నేను ఎంతసేపు ఉంటానో అతనికి తెలిసే దారి లేదు.

బుచ్చక్క అతనికి చెప్పింది కూడా. "అన్నా, ఇది పాతదాని లెక్క చెప్పి పోదే. జర పైలం."

"ఇరవై ఆరేండ్ల సంది దీపం మొకం చూసుకుంటనే బతుకుతున్న చెల్లే. నాకు చెప్పకుంట యాడికి వోతది?"

నేను అతని నడుము మీదే ఉన్నాను. విన్నాను. అబద్ధమని చెప్పడానికి నాకు పసుపు రంగు కూడా లేదు.

వానాకాలం. మొదటి షిఫ్టు. ఆ రోజు పంపు దగ్గరి బల్బు కాలిపోయింది, దిగినప్పటి నుంచి నేనే వెలుగుతున్నాను. రెండో గుంటలో పంపు ఆగిపోయిందని గోడకున్న బాయి ఫోనులో కబురు వచ్చింది. నీళ్లు పెరిగితే అవతల పనిచేస్తున్న పదకొండు మంది దారి మునుగుతుంది. అక్కడికి పోవాలంటే టబ్బులు నడిచే పట్టాల దారి దాటాలి. ఓదెలు లేచాడు. లేచి, అలవాటు ప్రకారం, తల తిప్పి గోడ మీద వెలుగు చూసుకున్నాడు. పాలలా తెల్లగా ఉంది.

"ఇంక శాన టైం ఉన్నది" అనుకున్నాడు పైకే.

పదిహేను నిమిషాలు కూడా లేదు.

పట్టాల మధ్యకు రాగానే నా లోపల తలుపు పడింది. మిణుకు లేదు, మసక లేదు. పైన పట్టపగలు. కింద, కళ్లు తెరిచినా మూసినా ఒకటే. ఓదెలు నా స్విచ్చి నొక్కాడు. మళ్లీ నొక్కాడు. అరచేత్తో కొట్టాడు. కట్టుబాటు అతనికి తెలుసు, చీకట్లో నడవొద్దు, గోడకు ఆనుకుని కూర్చోవాలి. వంగి పట్టా కోసం తడిమాడు. దొరికింది. అది ఏ వైపు పట్టానో తెలియలేదు. టబ్బులను లాగే తాడు బిగుసుకున్న చప్పుడైంది. గోడ అనుకుని ఒక అడుగు వేశాడు. అటు గోడ లేదు.

పదకొండు మందినీ వేరే దారిలో పైకి తెచ్చారు. ఓదెలును స్ట్రెచరు మీద తెచ్చారు. కుడికాలు మోకాలి కింద నుంచి లేదు.

ఎంక్వయిరీ రోజు నన్ను మళ్లీ నింపి బల్ల మీద పెట్టారు. పెద్దాయన ఒకరు స్విచ్చి నొక్కారు. వెలిగాను, తెల్లగా. నా జన్మలో అంత సిగ్గుపడింది ఆ రోజే. "దీపంలో లోపం లేదు. అనుమతి లేకుండా పట్టాల దారి దాటడం కార్మికుడి నిర్లక్ష్యం" అని రాసుకున్నారు. టీ తాగారు. నన్ను ల్యాంపు రూముకు పంపి, రేపటి నుంచి వేరొకరికి ఇవ్వమన్నారు.

బుచ్చక్క ఇవ్వలేదు. నన్ను మళ్లీ నిండా నింపి, పొద్దున ఆరున్నరకు వెలిగించి కిటికీలో పెట్టింది. పలక మీద సుద్దతో టైము రాసింది. దీపాలు ఇస్తూ, టీ తాగుతూ, నన్నే చూస్తూ కూర్చుంది. పదకొండు నలభైకి ఆరిపోయాను. ఐదు గంటల పది నిమిషాలు. షిఫ్టు ఎనిమిది గంటలు.

పలక ఆఫీసుకు పట్టుకెళ్లింది. "ల్యాంపులు నువ్వు చూసుకో, ఎంక్వయిరీ మేం చూసుకుంటాం" అన్నారు. తిరిగొచ్చి నన్ను కింది అరలో, చచ్చిన సీసం బ్యాటరీల పక్కన పెట్టింది. పలక నా ముందు ఆనించింది. దాన్ని ఎవర్నీ తుడవనివ్వడం లేదు.

ఆ పెట్టెల్లోనే వచ్చిన మరో మూడు వందల పన్నెండు దీపాలు పై అరల్లో ఉన్నాయి. ఛార్జర్ల మీద ఆకుపచ్చ లైట్లు తొందర తొందరగా వెలుగుతున్నాయి. రేపు పొద్దున వాటిని కట్టుకుని మూడు వందల పన్నెండు మంది దిగుతారు.

దిగకూడదు. మూడు వందల పన్నెండు దీపాలనూ కార్మికుల కళ్ల ముందు బల్లల మీద వెలిగించండి. ఎనిమిది గంటలు నిండకముందే ఆరిపోయేవాటిని అక్కడే పక్కన పడేయండి. మిగిలిన ప్రతిదాని మీదా అది ఎన్ని గంటలు వెలుగుతుందో తెలుగులో రాయండి. ఆ ఫైలు తాడు విప్పి కాగితాన్ని ల్యాంపు రూము గోడకు అతికించండి. ఓదెలు పేరు పక్కన నిర్లక్ష్యం అన్న మాట కొట్టేసి, దాన్ని ఎవరి పేరు పక్కన రాయాలో అక్కడ రాయండి. అప్పటిదాకా బాయి గేటు తెరవొద్దు.